కాంతివేగానికి అడ్డొచ్చే ఇసుక

జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలోని ఆ ఇనుప షెడ్డులో పనికి కుదిరిన రోజునే నాగేంద్రబాబు తన పేరును గేటు బయట వదిలేశాడు. వదలమన్నది కాంట్రాక్టరు. పంతొమ్మిదేళ్ళ కిందటి మాట ఇది. గేటుపాసు అసలు అతని అన్న అసిరయ్యది. టెక్కలి పక్క పల్లె నుంచి ముందుగా జంషెడ్‌పూర్ వచ్చినవాడు అన్నే. పోలీసు విచారణ, ఫోటో, సంతకాలు అన్నీ అయ్యాక ఇసుక బ్లాస్టింగు పనిలో చేరాడు. మూడు నెలలు చేశాడు. ముఖానికి తొడిగే టోపీలో తనకు ఊపిరాడటం లేదని చెప్పి, బర్మామైన్స్ పేటలో ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. మనిషి పోయినా పాసు మిగిలింది. కొత్తవాడికి కొత్త పాసు చేయించాలంటే రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

"టోపీ కే అందర్ కౌన్ దేఖ్‌తా హై?" అన్నాడు కాంట్రాక్టరు.

నిజమే, టోపీ లోపల ఎవరున్నారో ఎవరూ చూడరు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ముక్కు, ఒకే నుదురు. గార్డు అడిగితే "అసిరయ్య" అనాలి, అంతే. మొదటి నెల నాగేంద్ర ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. ఏడాది తిరిగేసరికి గేటు లోపల ఎవరైనా "నాగేంద్రా" అని కేకేస్తే తల తిప్పకపోవడం కూడా వచ్చేసింది. ఇలాంటి చదువు ఏ బడిలోనూ చెప్పరు.

పని ఏమిటంటే, సువర్ణరేఖ నది ఇసుకను ఎండబెట్టి జల్లించి, కంప్రెసర్ గాలితో కలిపి, గొట్టం మూతిలోంచి తుప్పు పట్టిన ఇనుప ప్లేట్ల మీద కొట్టాలి. తుప్పు, పాత రంగు లేచిపోయి ప్లేటు తెల్లగా తేలుతుంది. మొదటి ఆరేళ్ళూ ముఖానికి గమ్చా తువ్వాలు చుట్టుకునే కొట్టాడు, ఎందుకంటే షెడ్డులో ఉన్న రెండు టోపీల్లో ఒకటి పగిలింది, రెండోది ఆడిటు రోజు కోసం దాచారు. ఆ తర్వాత గాలి గొట్టమున్న టోపీ ఇచ్చారు. అందులోంచి వచ్చే గాలి నూనె కంపు కొట్టేది. అయినా నాగేంద్రకు ఆ పని మీద ఒక రకమైన గర్వం ఉండేది. ఏ ప్లేటుకు ఎంత దూరం నుంచి, ఏ వాలులో కొట్టాలో చూపుతోనే చెప్పేవాడు. ఇంజినీర్లు కూడా అడిగి పోయేవారు. అడిగి పోవడమే, ఎక్కడా రాసుకున్నవాడు లేడు.

నలభై రెండో ఏట దగ్గు మొదలైంది. క్షయ అన్నారు, ఆరు నెలలు మందులు మింగించారు. తగ్గలేదు. మళ్ళీ క్షయే అన్నారు, మళ్ళీ మింగించారు. మూడోసారి మందులకు మూత్రం ఎర్రగా, కళ్ళు పచ్చగా అయ్యాక భుయ్యాడీహ్‌లో ఒక ఉచిత వైద్యశాలకు వెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. ఇది క్షయ పురుగు వల్ల వచ్చిన జబ్బు కాదని, ఇసుక జబ్బని అంది. ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్ము తీయడానికి మందు లేదని కూడా అంది. కానీ సర్కారు వైద్య బోర్డు దీన్ని పని వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంటే క్షయ మందులు ఆపుతారు, ఇంటికి ఆక్సిజన్ సిలిండరు ఇస్తారు. నాగేంద్రబాబు అనే మనిషి ఇన్నేళ్ళు ఇసుక దుమ్ములో పని చేశాడని రాసిన కాగితం ఒక్కటి తెమ్మంది. కంపెనీ ఇవ్వకపోతే, చదువుకున్నవాళ్ళెవరైనా పేరు, ఫోటో, తేదీ వేసి అచ్చు వేయించినదైనా చాలట. దాన్ని బోర్డు ముందు తనే పెడతానంది. కాగితం మీది పేరు ఆధార్ వేలిముద్రతో కలవాలి, అంతే.

కాగితాలు లేకేం, బోలెడున్నాయి. హాజరు పుస్తకాలు, పాసులు, పండక్కి మిఠాయి పంచిన జాబితాలు. అన్నిటి మీదా అసిరయ్యే. ఇడ్లీ బండి దగ్గర చట్నీ వేసుకుంటూ, గుండ్రాయిలా ఉన్న అసిరయ్య.

ఇలాంటి రోజుల్లో మనస్వి వచ్చింది.

మనస్వి ఆ కంపెనీ క్వాలిటీ మేనేజరు భీమశంకర్ గారి కూతురు. ఇంట్లో తెలుగు, బయట హిందీ. ఇంజినీరింగు మూడో ఏడు. ఏదో దేశవ్యాప్త పోటీ ఉందట, కాంతివేగానికి దగ్గరగా వెళ్ళే అంతరిక్ష నౌకకు ఎదురయ్యే అడ్డంకుల మీద ప్రాజెక్టు చేయాలట. ప్రయోగం తప్పనిసరి అన్నారు. జంషెడ్‌పూర్‌లో కాంతివేగంతో దేన్నీ విసిరే సదుపాయం లేదు గనక, నాన్నగారి షెడ్డులో ఇసుక కొట్టి చూద్దామని ఆ పిల్ల బుర్రకు తట్టింది. నవ్వేవాళ్ళు నవ్వారు. నాగేంద్ర మాత్రం నవ్వలేదు, సీదాగా పాయింటుకొచ్చాడు.

"ఓడ ఎల్తంటే ఇసక ఎదురొత్తాదా, ఇసక వత్తంటే ఓడ నిలబడతాదా?"

"రెండూ ఒకటే అంకుల్. ఎవరు కదులుతున్నా దెబ్బ అదే."

"అయితే మనం చేత్తన్నదీ అదే కద. నాను ప్లేటుకి ఇసక కొడతన్నాను. నువ్వు ఇసకకి ప్లేటు కొడతన్నావు."

మనస్వి తమ కాలేజీలో ఈ ముక్క ఎక్కించడానికి ప్రొఫెసరుకు రెండు క్లాసులు పట్టిందని చెప్పింది.

వారం రోజులు కొట్టారు. ఇనుప ముక్కలు, అల్యూమినియం ముక్కలు, అద్దం ముక్కలు. ప్రతిదాన్నీ ముందూ వెనకా తూచింది ఆ పిల్ల. ఓడ ముక్కు సూదిగా ఉంటే రేణువులు జారిపోతాయని గీసుకొచ్చిన బొమ్మను నాగేంద్ర చూసి పెదవి విరిచాడు.

"ఏటవాలుగా కొడితే ఇనుము బతుకుద్దనుకున్నావేటి? చిత్రిక పట్టినట్టు చెక్కేత్తాది. నిటారుగా కొడితే ఒదిగి గట్టిపడతాది. అద్దానికి మాత్రం ఉల్టా. నిటారుగా తగిల్తే ముక్కలైపోతాది."

తూచి చూస్తే అంతా అలాగే వచ్చింది. మనస్వి గంతులేసింది. తర్వాత నిజాయితీగా అసలు సంగతీ చెప్పింది. షెడ్డులో ఇసుక సెకనుకు వంద మీటర్లు పోతుంది. కాంతి దానికి ముప్పై లక్షల రెట్లు. ఆ వేగంలో వాలు, నిటారు అంటూ ఏమీ ఉండవు. కాంతివేగంలో నూటికి తొంభై వంతులతో పోయే ఓడకు మిల్లీగ్రాము ఇసుక రేణువు ఒక్కటి తగిలితే, ఇరవై ఎనిమిది టన్నుల మందుగుండు పేలినట్టు. అంత పెద్ద రేణువులు ఆకాశంలో అరుదే. కానీ అన్నిటికన్నా దగ్గరి నక్షత్రానికే దారి నాలుగు కాంతి సంవత్సరాల పైన ఉంది, అరుదైనది కూడా ఎక్కడో ఒకచోట తగలక మానదు.

"మరి పెద్ద రేణువులు లేని కాడ?"

"అక్కడా ఖాళీ ఉండదు అంకుల్. హైడ్రోజన్ ఉంటుంది, చాలా పల్చగా. ఆ స్పీడ్‌లో ఒక్కొక్క అణువూ ఎక్స్‌రే కంటే గట్టిగా దూసుకొస్తుంది. లోపల మనిషి బచేగా నహీ."

"అంటే కంటికి కనబడిందానికన్నా, కనబడందే సంపుతాది."

"హా, బిల్కుల్."

"ఇక్కడా అంతేనమ్మా" అన్నాడు నాగేంద్ర. పెద్ద ఇసుక కిందపడిపోతుంది, గాలిలో తేలే మెత్తని పిండే లోపలికి పోతుంది. ఆ పిల్లకు అది అర్థం కాలేదు, అడగనూ లేదు.

భోజనాల వేళ మనస్వి ఇంకా చెప్పేది. ఒక కిలో బరువును ఆ వేగానికి తోయాలంటే దేశం మొత్తం దాదాపు వారం రోజులు వాడే కరెంటు కావాలి. తొంభై నుంచి తొంభై తొమ్మిదికి ఎక్కాలంటే అది నాలుగు రెట్లు దాటిపోతుంది. నూటికి నూరు ఎన్నటికీ అందదు. పోనీ ఎలాగో చేరారే అనుకో, ఆగాలంటే మళ్ళీ అంత శక్తీ ఖర్చు చేయాలి. శూన్యంలో బ్రేకు పట్టడానికి నేలా ఉండదు, గాలీ ఉండదు. అన్నిటికన్నా వింత, కాలం. అన్నదమ్ముల్లో ఒకడు ఓడెక్కి పోయి వస్తే, ఇంటి దగ్గర పదేళ్ళు గడిచేసరికి ఓడెక్కినవాడికి నాలుగు చిల్లరే గడుస్తాయి. వెళ్ళినవాడు కుర్రాడిలా తిరిగొస్తాడు.

నాగేంద్ర చేతిలోని అన్నం ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేశాడు. అసిరయ్య అతనికన్నా మూడేళ్ళు పెద్ద. ఇప్పుడు వీధిలో ఇద్దరూ కలిసి నడుస్తుంటే, చూసినవాళ్ళు నాగేంద్రనే అన్న అనుకుంటున్నారు. ఓడలెక్కకుండానే కాలం అతని మీద తన పని కానిచ్చింది. అప్పుడు కలిగిన కోపం అన్న మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే సుఖంగానే ఉండేది.

ఆఖరి రోజు ధైర్యం చేసి అడిగాడు.

"అమ్మా, నీ పుస్తకంలో నా పేరెయ్యాల. పంతొమ్మిదేళ్ళు ఈడు ఈ షెడ్డులో ఇసకే కొట్టినాడని ఎయ్యాల. టోపీ తీసేసి ఫోటో కూడా."

"అరే, పక్కా అంకుల్! మీరు లేకపోతే యే ప్రాజెక్ట్ హీ నహీ హోతా" అంది మనస్వి. ఫోటో తీసింది. ఫోను అతని మూతి ముందు పెట్టి రికార్డింగు నొక్కింది. "చెప్పండి, మీ పేరు?"

"అసిరయ్య" అన్నాడు నాగేంద్ర.

ఆ పేరు తన నోట వచ్చినట్టు అతనికి తెలియనే తెలియదు. గేటు లోపల ఉన్నాడు, ఎవరో పేరడిగారు, నోరు జవాబిచ్చింది. ఆ తర్వాత ఎన్నేళ్ళుగా పని చేస్తున్నాడో, ఏ ఇసుకో, గమ్చా రోజుల సంగతో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. ఈల మధ్యలో దగ్గు వచ్చినా మళ్ళీ అందుకున్నాడు.

"ఏ పేరెయ్యమన్నావు?" అని అడిగింది భార్య దేవి. ఆవిడకు అన్నిటికీ అనుమానమే.

"నా పేరే. ఇంకెవలిది?"

"సరీగ్గా సెప్పినావా?"

"ఒలే, నా పేరు నాకు తెల్దేటే?" అని కసిరాడు.

ఆ పోటీలో రాష్ట్ర స్థాయి రౌండు బిష్టుపూర్‌లో ఒక ఇంజినీర్ల సంఘం హాలులో జరిగింది, ఆదివారం పొద్దున. నాగేంద్ర పెళ్ళికి కుట్టించుకున్న ప్యాంటు బెల్టుతో బిగించుకుని వెళ్ళాడు, మనిషి అంత తగ్గాడు. తోడుగా అసిరయ్య వచ్చాడు. ఆదివారం గిరాకీ వదులుకుని వచ్చాడు పాపం, తమ్ముడికి ఆ కాగితం చేతికొచ్చేదాకా తనకు నిద్ర పట్టదన్నాడు. ఇద్దరూ చివరి వరసలో కూర్చున్నారు.

మనస్వి అదరగొట్టింది. కాంతివేగం గురించి కలలు కనేవాళ్ళకు ఒక్కొక్క అడ్డంకీ విడమరిచి చెప్పింది. శక్తి, రేణువులు, కిరణాలు, బ్రేకు. ఇనుము వాలులో ఎలా అరుగుతుందో, అద్దం నిటారులో ఎలా పగులుతుందో గ్రాఫులు చూపించింది. మనిషి నక్షత్రాలకు వెళ్ళలేకపోవడానికి కారణం దూరం కాదని, దారిలో ఉన్న దుమ్మని అంది. హాలు చప్పట్లతో మోగింది. నాగేంద్ర కూడా కొట్టాడు. ఒక్క క్షణం తన జబ్బు మర్చిపోయి, ఆ గ్రాఫుల్లో గీత వంగిన ప్రతి చోటా తన మణికట్టు ఉందని మురిసిపోయాడు.

తర్వాత తెర మీద అతని ఫోటో పడింది. టోపీ లేదు. ముఖం స్పష్టంగా ఉంది. కింద ఇంగ్లీషులో, హిందీలో పెద్ద అక్షరాలు. హిందీ అతనికి కూడబలుక్కుంటే వస్తుంది. అ, సి, ర.

"ఈ ప్రయోగాలన్నీ చేసిన మా సీనియర్ ఆపరేటర్, పంతొమ్మిదేళ్ళ అనుభవం, శ్రీ అసిరయ్య గారు! ప్లీజ్ స్టేజ్ మీదకు రండి" అంది మనస్వి.

పక్కన అసిరయ్య ఉలిక్కిపడ్డాడు. నాగేంద్ర లేచాడు. లేవకపోతే ఇంకెవరు లేస్తారు? వెళ్ళి, దండ వేయించుకుని, అద్దాల చట్రంలో బిగించిన ప్రశంసాపత్రం అందుకున్నాడు. అందులో పంతొమ్మిదేళ్ళూ ఉన్నాయి, ఇసుక ఉంది, ఫోటో ఉంది, తేదీ ఉంది. డాక్టరమ్మ అడిగినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప.

చాయ్ విరామంలో మనస్విని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"సారీ అంకుల్! ఒక్క నిమిషం, ల్యాప్‌టాప్‌లో ఇప్పుడే మార్చేస్తాను. కొత్తది ప్రింట్ తీయిస్తాను."

భీమశంకర్ గారు కప్పు పట్టుకుని అప్పుడే వచ్చారు. మెల్లిగా మాట్లాడే మనిషి. ఎప్పుడూ ఎవరి మీదా అరిచి ఎరగరు.

"మార్చకమ్మా" అన్నారు. "రిజిస్టరులో ఉన్న ఆపరేటరే ప్రయోగం చేయాలని పోటీ రూలు. రిజిస్టరులో లేనివాడు చేశాడని నువ్వే రాస్తే ఢిల్లీ ఫైనల్ ఉండదు." ఆ తర్వాత నాగేంద్ర వైపు తిరిగారు. "నీ మంచికే చెబుతున్నాను. ఇంకొకడి పాసుతో పంతొమ్మిదేళ్ళు లోపలికొచ్చానని అచ్చులో ఒప్పుకుంటావా? మొదట కేసు పడేది మీ అన్న మీదే."

"మీకు తెల్సా సార్?"

"తొమ్మిదేళ్ళుగా తెలుసు. పని బాగా చేస్తావు కదా అని ఊరుకున్నాను."

ఇదీ సంగతి. ఊరుకోవడమే ఆయన చేసిన ఉపకారం. పని జరిగినన్నాళ్ళూ నాగేంద్ర ఎవరైనా ఎవరికీ పట్టలేదు. ఊపిరి అయిపోయాకే పేరు విషయంలో అందరికీ రూల్సు గుర్తొచ్చాయి. నాగేంద్ర మనస్వి వంక చూశాడు. ఒక్క ఆశ మిగిలి ఉంటే అది ఆ పిల్ల మీదే. ఆమె ల్యాప్‌టాప్ మూత మీద గోటితో గీస్తోంది.

"పాపా, లేకిన్ యే తో..." అని తండ్రితో అని ఆగిపోయింది. తర్వాత నాగేంద్రతో, "ఫైనల్ అయిపోనివ్వండి అంకుల్. జనవరిలో. ఆ తర్వాత నేనే లెటర్ రాసిస్తాను, పక్కా" అంది. అతని కళ్ళలోకి చూడలేదు.

జనవరికి ఇంకా ఎనిమిది నెలలుంది. మెట్లు దిగడానికి నాగేంద్ర మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. దండ ఎక్కడో జారిపోయింది. కింద, సైకిళ్ళ పక్కన అరుగు మీద కూలబడి, ఆ చట్రాన్ని అన్న ఒళ్ళో పెట్టాడు.

"తీస్కో. నీదే."

"నాకెందుకురా?" అసిరయ్య దాన్ని ముట్టుకోలేదు.

"మీద నీ పేరున్నాది. బండికి తగిలించుకో, ఇడ్లీలు బాగా అమ్ముడవుతాయి."

అసిరయ్య ఆ మాట పడ్డాడు. పడాల్సిందే అనుకున్నాడేమో. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. ఉన్నట్టుండి తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

"ఒరే, దీనికింత ఇదెందుకు? నానే ఎల్తాను బోర్డుకి. నానే కద అసిరయ్యని! పాసు నాది, హాజరు నాది, ఇప్పుడీ కాయితం కూడా నాదే. దగ్గుతున్నట్టు యాక్టింగు చేత్తాను. నీ ఎక్స్‌రే నాదని ఇచ్చేత్తాను. సిలిండరు మీ ఇంట్లోనే దింపిత్తాను. ఇంతకాలం నువ్వు నానయ్యావు, ఒక్క దినం నాను నువ్వవనా?"

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. మాటలో కపటం లేదు. నాగేంద్రకు నవ్వొచ్చింది, నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది. అది తగ్గేదాకా అన్న అతని వీపు రాస్తూ ఉన్నాడు.

"పాత ఫిల్ము సూడరు అన్నియ్యా" అన్నాడు నాగేంద్ర, ఊపిరి కూడదీసుకుని. "బోర్డోళ్ళు ఆళ్ళ మిషను కాడ నిలబెట్టి కొత్తది తీత్తారు. నీది అద్దంలాగ తేటగా వత్తాది."

అసిరయ్య చెయ్యి తమ్ముడి వీపు మీద ఆగిపోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. లోపల ఊపిరి ఏ అడ్డూ లేకుండా, నిండుగా ఆడుతోంది. దొంగసొత్తుతో పట్టుబడినవాడిలా తల దించుకున్నాడు.